పుల్లలో పెండ్లి

ఆళ్ళగడ్డలో రాయి చెక్కే ఇంట్లో కంప్యూటరు పెట్టుకోవడమంటే పిండిమర పక్కన పట్టుచీర ఆరేసుకోవడమే. గాలికి లేచిన రాతిపొడి అన్నంలో పడుతుంది, దేవుడి పటాల మీద పడుతుంది, నీళ్ళబిందె మూత మీద వేలితో పేరు రాసుకునేంత పేరుకుంటుంది. ఈశ్వరమ్మ ఇంట్లో ఆ పొడికి రెండు కంప్యూటర్లు బలైపోయాయి. మొదటిది ఏడాదిన్నర బతికింది. రెండోది ఒక్క వానాకాలం కూడా దాటలేదు. విప్పి చూస్తే లోపలి ఫ్యాను రెక్కలకు సిమెంటు పూసినట్టు పొడి గడ్డకట్టి ఉంది.

"అక్కా, నీకు ఫ్యానున్న కంప్యూటరు అచ్చిరాదు," అన్నాడు ఆమె తమ్ముడు రమేశ్. నంద్యాలలో అతనికి కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది. ఆ రెండింటికీ పంచనామా చేసింది అతనే. మూడోసారి ఊరికి వచ్చినప్పుడు చొక్కా జేబులోంచి చూపుడువేలంత నల్లటి వస్తువొకటి తీసి అక్క చేతిలో పెట్టాడు. "ఇదే కంప్యూటరు. టీవీ ఎనక గుచ్చితే సాలు. దీంట్లో ఫ్యాను లేదు, పొడి దూరే సందు లేదు."

ఈశ్వరమ్మ మొగుడు దేవరాజు అప్పుడే ఉలి కింద పెట్టి చేతులు కడుక్కుంటున్నాడు. తొంగి చూసి పెద్దగా నవ్వాడు.

"ఏందీ, ఈ పుల్లనా కంప్యూటరు? పండ్లు తోముకునేదానికైనా వస్తాదా?"

ఆ రోజు నుంచి దాని పేరు పుల్లే.

దేవరాజుకు ఒక పట్టింపు ఉంది. ఉలి గానీ సుత్తి గానీ, కొత్త పనిముట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టందే తను ముట్టడు, ఇంకొకరిని ముట్టనివ్వడు. ఎగతాళి ఎగతాళే, ఆచారం ఆచారమే. గిన్నెలో పసుపు కలుపుకుని పుల్లను తీసుకోబోతుంటే రమేశ్ ఎగిరి పట్టుకున్నాడు. "బావా, మూతికాడ తడి తగిలితే చస్తాది అది!" కాసేపు వాదులాడుకున్నాక వీపు మీద ఆవగింజంత బొట్టు దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది. ఆ బొట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

పిట్ట కొంచెం, కూత ఘనం. ఈశ్వరమ్మ పదో తరగతితో చదువు ఆపిన మనిషి. అయినా ఒడిలో బుల్లి కీబోర్డు పెట్టుకుని నెలరోజుల్లో ఆ పుల్ల చేత ఇంటెడు చాకిరీ చేయించడం నేర్చుకుంది. కరెంటు బిల్లు దాంట్లోనే కట్టింది. ఆలయ కమిటీల వాళ్ళు పంపే బొమ్మల్ని టీవీ నిండా పరిచి మొగుడికి కొలతలు చదివి వినిపించింది. కార్తీక సోమవారాల్లో శ్రీశైలం హారతి, మధ్యాహ్నం రెండింటికి సీరియల్, ఎవరైనా విగ్రహం చూస్తామంటే వీడియో కాల్, అన్నీ అందులోనే. నంద్యాలకు పోయేటప్పుడు పుల్లను పీకి పర్సులో చిల్లర పక్కన వేసుకునేది. ఎవరింట్లో టీవీ ఉంటే అక్కడ గుచ్చి, తమ ఇంటి విగ్రహాలు చూపించి వచ్చేది. దేవరాజు మాత్రం దాన్ని ముట్టలేదు. "అది నీ పనిముట్టు," అనేవాడు. తన మీద గౌరవంతో అంటున్నాడో, తప్పించుకోవడానికి అంటున్నాడో ఈశ్వరమ్మకు ఎప్పుడూ తేలలేదు.

శ్రావణంలో సుబ్బయ్య వచ్చాడు. గడివేముల దగ్గర పొలమున్న పాతకాపు రైతు. డెబ్భై దాటాయి. నంద్యాలలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. ఆయన భార్య ఉమామహేశ్వరమ్మ కిందటి కార్తీకంలో కాలం చేసింది.

"మా చేన్లో బోరుకాడ ఆమె కూసునే చోటుండాది ఆచారీ," అన్నాడు. "ఆడ ఆమె విగ్రహం పెట్టాల. నడుము దాకా సాలు. సంవత్సరీకానికి నిలబెట్టాల."

"ఫోటోలుండాయా?" అడిగాడు దేవరాజు.

సుబ్బయ్య సంచిలోంచి రెండు తీశాడు. ఒకటి ఆధార్ కార్డు. రెండోది ఏదో గృహప్రవేశంలో తీసిన గుంపు ఫోటో. అందులో ఆమె మొహం గోరంత ఉంది, ఆ గోరులో సగానికి కొంగు అడ్డం ఉంది. "కెమెరా అంటే సిగ్గుపడేది. ఎదురుగా పెడితే కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది," అన్నాడు సుబ్బయ్య, తప్పు తనదైనట్టు.

ఈశ్వరమ్మ ఆ ఫోటోను పుల్లలో వేసి టీవీ మీద పెద్దది చేసింది. మొహం పెరిగేకొద్దీ మొహం పోయి గళ్ళదుప్పటి మిగిలింది. ఇక ఆధార్ కార్డు సంగతి చెప్పేదేముంది, దాంట్లో ఎవరు మాత్రం తమలాగా ఉంటారు?

"ఫరవాలేదులే సుబ్బయ్యన్నా," అన్నాడు దేవరాజు. "నా చేతికి తెలుసు."

ఆ మాట వినగానే ఈశ్వరమ్మ టీవీ వదిలి మొగుడి వైపు తిరిగింది. ఎందుకో చెప్పాలంటే ముప్పై ఏళ్ళు వెనక్కి పోవాలి. పెండ్లైన కొత్తలో దేవరాజు ముచ్చటపడి, మిగిలిపోయిన రాతిముక్కలో ఆమె మొహం చెక్కడం మొదలుపెట్టాడు. పదిహేను రోజులు చెక్కాడు. ఈశ్వరమ్మ సంబరంగా పోయి చూస్తే అక్కడ గౌరీదేవి ఉంది. చేపల్లాంటి కండ్లు, నువ్వుపువ్వు లాంటి ముక్కు, నొసలూ ముక్కూ గడ్డమూ దారం పెట్టి కొలిచినట్టు మూడు సమాన భాగాలు. చిన్నప్పుడు తండ్రి నేర్పిన శాస్త్రం అంతా ఉంది, ఈశ్వరమ్మ మాత్రం లేదు. ఆ వారమే నందికొట్కూరు నుంచి వచ్చినవాళ్ళు దాన్ని చూసి అమ్మవారనుకుని దండం పెట్టి తీసుకుపోయారు. "నా మొగానికి ఆడ రోజూ హారతి, ఈడ మాత్రం కాఫీ ఆలస్యమైతే తిట్లు," అని ఈశ్వరమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. దేవరాజు ఇప్పటికీ నవ్వి ఊరుకుంటాడు.

ఈసారి నవ్వే సంగతి కాదని ఆమెకు తెలుసు. రెండుసార్లు చెప్పి చూసింది. "మనిషి ఎట్లుంటాదో కనుక్కోని చెక్కయ్యా," అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. "ముప్పై ఐదేండ్ల నుంచి ఒక్క రాయి తిరిగి రాలే నాకాడికి," అన్నాడు. అది నిజమే.

ఆశ్వయుజం వచ్చేసరికి విగ్రహం కండ్లు తప్ప అయిపోయింది. దేవుడైనా మనిషైనా కండ్లు చివరికే, అది ఆ ఇంటి పద్ధతి. ఈశ్వరమ్మ నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పుల్లలో వేసుకుంది. సుబ్బయ్యకు మోకాళ్ళ నొప్పులు, మాటిమాటికీ బస్సెక్కలేడు. అందుకని మొగుడూ పెండ్లాలిద్దరూ నంద్యాల పోయారు.

సుబ్బయ్య ఇంట్లో ఆయన మేనకోడలు కావ్య కాఫీ ఇచ్చింది. పక్కవీధిలోనే కాపురం, పొద్దునా సాయంత్రం వచ్చి మామను చూసుకుని పోతుంది. హాల్లో గోడంత టీవీ ఉంది. ఈశ్వరమ్మ దాని వెనక పుల్లను గుచ్చి, ఫోటో తెరిచి పక్కకు జరిగింది. నల్లరాతి మొహం గోడ నిండా వచ్చింది.

సుబ్బయ్య కుర్చీలో ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"శానా బాగుండాది ఆచారీ," అన్నాడు. "నిగనిగలాడతాండాది. చూస్తాంటే దండం పెట్టుకోవాలనిపిస్తాండాది."

దేవరాజు మీసం మీద చెయ్యి వేశాడు.

"అయితే ఎవరప్పా ఈమె?"

ఎగతాళిగా అన్న మాట కాదు. ఆయన నిజంగానే అడిగాడు. ఇంకో ఫోటో వస్తుందేమో, తన భార్యది ఇంకా తెరవలేదేమో అనుకుని ఈశ్వరమ్మ వైపు చూశాడు. ఆ చూపుకు ఈశ్వరమ్మ తల దించుకుంది. కావ్య చేతిలో ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అత్తే మామా," అంది కావ్య మెల్లగా.

సుబ్బయ్య మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. కాసేపటికి తల అడ్డంగా ఊపాడు.

"తప్పుగా అనుకోవద్దు ఆచారీ. ఈమె దేవత. నాకు దేవత వద్దు, నా పెండ్లాం గావాల." టీవీ మీది నుంచి చూపు దేవరాజు వైపు తిప్పాడు. "నీకొక మాట చెప్తా. నలభై ఎనిమిదేండ్లు ఎదురుగానే ఉండె, నేను సరిగ్గా చూసిందే లేదు. ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఆ ఆధారు కార్డు మొగమే వస్తాంది. ఆమె మొగం నాకు జారిపోతాండాది. రేపు ఈ రాయిని చేన్లో నిలబెడితే, రోజూ చూసి చూసి ఈమే నిలబడిపోతాది నా బుర్రలో. అప్పుడు ఆమె శాశ్వతంగా పోతాది."

దేవరాజు కాఫీ సగంలోనే వదిలేసి లేచాడు. ఈశ్వరమ్మ పుల్ల పీకుతుంటే కావ్య దగ్గరికి వచ్చి తన ఫోన్ నంబరు ఇచ్చింది. సంవత్సరీకానికి ఇంకా నెల మీద మూడు రోజులుంది.

తిరుగుబస్సులో దేవరాజు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఊరు దాటాక ఈశ్వరమ్మే మొదలుపెట్టింది.

"నీ చేతికి అమ్మవారు తెలుసయ్యా. ఆడమనిషి తెలీదు."

మామూలుగా అయితే బస్సులోనే యుద్ధం జరిగేది. ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "వేరేవాళ్ళను చూసుకోమని చెప్తాలే," అన్నాడు. ఇంటికి పోగానే విగ్రహం మీద గోనెసంచి కప్పేశాడు. మర్నాడు పొద్దున ఉలి చప్పుడు లేకుండా ఆ ఇంట్లో తెల్లారింది. అలాంటి పొద్దు ఈశ్వరమ్మ ఎరగదు. మొగుడి మీద ఉన్న కోపమంతా ఆ నిశ్శబ్దంలో కరిగిపోయింది. ఆయన్ను అలా చూడలేక ఆమె ఫోనందుకుంది.

"ఏదన్నా వీడియో ఉండాదా కావ్యా? మీ అత్త నడిచేది, మాట్లాడేది, ఏదన్నా సరే."

"నా పెండ్లి యూట్యూబులో లైవ్ పెట్టినారక్కా," అంది కావ్య. "మా ఆయన తరఫు వాళ్ళు దుబాయిలో ఉంటే వాళ్ళకోసం. అత్త ఆ పెండ్లికి వచ్చింది, మాఘంలో. మళ్ళా కార్తీకానికి లేదు. కానీ యాడా కనపడదులే అక్కా, కెమెరా చూస్తే స్తంభాల ఎనక్కి పోయేది. ఆ వీడియో తొమ్మిది గంటలు. పెండ్లికూతుర్ని నేనే ఇంతవరకూ పూర్తిగా చూడలే."

లింకు వచ్చింది. మధ్యాహ్నం రెండయింది. సీరియల్‌లో ఆ రోజు కోడలి గుట్టు బయటపడాలి. ఈశ్వరమ్మ ఒక్క నిట్టూర్పు విడిచి సీరియల్‌ను వదిలేసి పెండ్లి పెట్టుకుంది. పక్కన చేటలో శెనక్కాయలు పోసుకుని ఒలుచుకుంటూ కూర్చుంది.

అయితే ఒక చిక్కుంది. తను ఎన్నడూ చూడని మనిషిని ఆమె ఎట్లా గుర్తుపడుతుంది? గంటసేపు దిక్కుతోచక చూశాక ఆలోచన తట్టింది. ఆమెను గుర్తుపట్టలేను గానీ ఆయన్ను గుర్తుపడతాను కదా. సుబ్బయ్య ఎక్కడ కనపడితే అక్కడ ఆపి, ఆయన చుట్టుపక్కల వెతకాలి. కొంగు అడ్డం పెట్టుకున్న ఆడమనిషి ఎవరైనా కనపడితే ఆమే.

మొదటి రోజు సుబ్బయ్య మూడుసార్లు కనపడ్డాడు. మూడుసార్లూ ఒక్కడే. రెండో రోజు ఒక స్తంభం పక్కన వంగపండు రంగు చీరకొంగు కనపడింది, మనిషి కనపడలేదు. ఈలోగా ఈశ్వరమ్మకు ఆ పెండ్లివాళ్ళంతా చుట్టాలైపోయారు. పెండ్లికొడుకు చిన్నాయన మూడు బంతుల్లో భోంచేశాడు. డోలు వాయించే ఆయనకు నిద్ర ముంచుకొస్తోంది. తాళి కట్టేటప్పుడు ఫోటోగ్రాఫరు వీపు తప్ప ఇంకేమీ కనపడలేదు. చేటెడు శెనక్కాయలు అయిపోయాయి. దేవరాజు అటూ ఇటూ తిరుగుతూ టీవీ వైపు ఓరగా చూసి, "ఎవరి పెండ్లే ఇది, ఇంకా గాలేదా?" అన్నాడు. ఆమె చెయ్యి ఊపి, అడ్డం రాకుండా పక్కకు జరగమంది.

మూడో రోజు, ఏడో గంటలో, కెమెరా భోజనాల హాల్లోకి వచ్చింది. వరసగా అరిటాకుల ముందు కూర్చున్నవాళ్ళను ఒక్కొక్కరినే చూపిస్తూ పోతోంది. తెల్లపంచె, పచ్చతువాలు, సుబ్బయ్య. ఆకులో నెయ్యి కారుతున్న బక్షం, పూర్ణం పెట్టిన బొబ్బట్టు. ఆయన దాన్ని చుట్టచుట్టి నోటిదాకా తీసుకుపోయాడు.

అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది.

వంగపండు రంగు చీర. ఆమె ఆయన వెనక నిలబడి ఉంది. వంగి, ఆయన చేతిలోంచి బక్షం లాగేసుకుంది. ఏదో అంటోంది, మేళం హోరులో ఏమీ వినపడదు. కనుబొమలు రెండూ ముడిపడి ఉన్నాయి, కుడిది ఎడమదాని కంటే పైకి లేచింది. సుబ్బయ్య తలెత్తి పసిపిల్లాడిలా మొహం పెట్టాడు. అంతే, ఆమె కోపం నిలబడలేదు. పెదవులు బిగించి ఉంచుకుంది గానీ ఎడమ కొస జారిపోయింది. బక్షాన్ని రెండుగా తుంచి సగం ఆయన ఆకులో పడేసింది, సగం తన నోట్లో వేసుకుంది. అప్పుడు కెమెరా కంటపడింది. కొంగు పైకి వచ్చింది. మొహం మాయమైంది.

ఈశ్వరమ్మ వెనక్కి పోయి లెక్కపెట్టింది. పదకొండు సెకన్లు. తొమ్మిది గంటల కొండను తవ్వితే దొరికింది అంతే, కానీ దొరికింది మాత్రం ఎలుక కాదు. ఆ ముక్కను ఫోన్‌తో తీసి కావ్యకు పంపింది. "అక్కా, అత్తే!" అని కావ్య ఫోన్‌లో ఏడ్చేసింది. "మామకు చక్కెర జబ్బు. రోజూ ఇదే గొడవ ఇంట్లో."

ఈశ్వరమ్మ పెరటి తలుపు దగ్గరికి పోయి మొగుడిని పిలిచింది.

"నీ పుల్లలో ఏముంటాది నాకు?" అన్నాడు ఆయన, చుట్ట కాలుస్తూ.

"నీ చేతికి తెలియంది ఉండాది. రా."

వచ్చాడు. నిలబడే చూశాడు. పదకొండు సెకన్లూ అయిపోయాయి.

"ఇంకోసారి పెట్టు."

పెట్టింది. ఈసారి కూర్చున్నాడు. "ఇంకోసారి," అన్నాడు. ఆపమన్నాడు, మెల్లగా పోనివ్వమన్నాడు. పదోసారికి ఈశ్వరమ్మకు పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఎనక్కి ఎట్ల పోవాల? నాకు చూపి పో."

ఆమె కీబోర్డు ఆయన ఒడిలో పెట్టింది. సుత్తి పట్టి పట్టి చెక్కబారిన బొటనవేలు ఆ చిన్న బటన్ మీద సరిగ్గా ఆనలేదు. ఒకసారి నొక్కబోతే రెండుసార్లు పడింది. ఆమె వేలు పట్టుకుని చూపించింది, పలక మీద అక్షరాలు దిద్దించినట్టు. పప్పు ఆ పూట మాడింది. ఆ ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

సాయంత్రానికి నేల మీద బొగ్గుతో గీసిన మొహాలు పది పన్నెండు ఉన్నాయి. "చూడు," అన్నాడు దేవరాజు. "నొసలు శానా తక్కువ. గడ్డం పొడుగు. ముక్కు కొంచెం పక్కకు పోయింది. కనుబొమలు రెండూ ఒక్క లెక్కకు రావు. మా నాయన చెప్పిన కొలత ఒక్కటి కూడా కుదరదు ఈ మొగంలో." ఆయన గొంతులో చిరాకు లేదు. చాలా రోజులకు కొత్త రాయి దొరికినప్పటి ఉత్సాహం ఉంది. బొగ్గు కింద పెట్టి మెల్లగా అన్నాడు. "నాదే తప్పు ఈశ్వరీ. ఆయప్ప మనిషిని అడిగితే నేను పాఠం అప్పజెప్పినా."

మర్నాడు గోనెసంచి తీశాడు. రాయికి తీసేయడమే గానీ కలపడం ఉండదు. పైకి తేవాల్సిన చోట లోతు తీసేసి ఉంటే అంతా వ్యర్థమే. అదృష్టం ఏమిటంటే దేవతల మొహాలు నిండుగా ఉంటాయి. ఆ నిండు బుగ్గల లోపల ఉమామహేశ్వరమ్మ ఎండిన బుగ్గలకు చోటుంది. ఆ నొసటి కింద ఈ నొసలు పడుతుంది. ఒక్క ముక్కు దగ్గరే నూలుపోగంత అటూ ఇటూ. కొలిచి చూసుకుని, బొగ్గుతో గుర్తు పెట్టుకుని, దేవతను చెక్కేయడం మొదలుపెట్టాడు.

టీవీ లోపల, పని బయట అంటే కుదరలేదు. రెండో రోజుకే టీవీని మోసుకొచ్చి పందిట్లో రాయికి ఎదురుగా పెట్టుకున్నాడు. కరెంటుకు పొడుగు వైరు లాగారు. ఇరవై రోజులు ఆ రాతిపొడిలో, ఉలి మోతలో, పుల్ల పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఆ పదకొండు సెకన్లనే చూపించింది. ఫ్యానున్నదైతే మూడు రోజులకే చచ్చేది. ఈశ్వరమ్మ పొద్దునోసారి సాయంత్రమోసారి తడిగుడ్డతో టీవీ తుడిచేది, పొడిగుడ్డతో పుల్లను తుడిచేది. ఆ ఇరవై రోజులూ ఆమెకు సీరియల్ లేదు. కోడలి గుట్టు ఏమైందో ఇప్పటికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆమె మజ్జిగ తెచ్చి ఇస్తే దేవరాజు గ్లాసు అందుకోకుండా ఆమె మొహం వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఏందయ్యా?"

"నీ ఎడమ బుగ్గకు సొట్ట ఎప్పుడు పడింది?"

"పుట్టినప్పట్నుంచీ ఉండాది. ముప్పై ఏండ్లకు కనపడిందా?"

ఆయన గ్లాసు తీసుకుని గటగటా తాగేశాడు. ఈశ్వరమ్మ లోపలికి పోయి ఎందుకో అద్దం ముందు కాసేపు నిలబడింది. నవ్వు ఆపుకోలేకపోయింది. ఈ మనిషితో ఇన్నేళ్ళు బతికినందుకు ఆమెకు ఆ పూట చాలా సంతోషంగా అనిపించింది.

సంవత్సరీకానికి ఇంకో నాలుగు రోజులుందనగా విగ్రహానికి కండ్లు తెరవడానికి, అంటే కంటిగీతలు చెక్కడానికి, పొద్దున మంచి ఘడియ చూసుకుని సుబ్బయ్యకు కబురు పెట్టారు. కావ్య ఆయన్ను ఆటోలో తీసుకొస్తానంది. వీడియో సంగతి ఆయనకు చెప్పొద్దని దేవరాజు ముందే కావ్య దగ్గర మాట తీసుకున్నాడు. ఈశ్వరమ్మకు అది నచ్చలేదు. "పాపం, ఆయప్ప పెండ్లాం మొగం జారిపోతాండాదని ఏడుస్తాంటే మన దగ్గర పెట్టుకోని కూసుంటామా?" అని పోట్లాడింది.

"రాయి చూసినాక చూపిస్తాం," అన్నాడు దేవరాజు. "ముందే చూపిస్తే టీవీలో ఆమెతో ఈ రాయిని పోల్చుకుంటాడు. ఆయప్ప లోపల ఇంకా కొంచెం మిగిలుండాది గదా, దాంతో పోల్చుకోనీ. దానికి సరిపోకపోతే నేను ఓడిపోయినట్టే."

ఆ పొద్దున ఆయన కండ్ల గీతలు పూర్తి చేసేసరికి వాకిట్లో ఆటో ఆగింది. ఉలిని తువాలులో చుట్టేశాడు.

సుబ్బయ్య కావ్య భుజం పట్టుకుని పందిట్లోకి వచ్చాడు. టీవీ ఆపేసి ఉంది. విగ్రహం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. దేవరాజు గుడ్డ తీసి పక్కకు తప్పుకున్నాడు.

సుబ్బయ్య చూశాడు. నిలబడ్డచోటి నుంచి కదల్లేదు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. మొహంలో ఏమీ కనపడలేదు. ఇంకా ఎంతసేపని కావ్య ఈశ్వరమ్మ వైపు చూసింది. దేవరాజు నేల చూపులు చూస్తున్నాడు. అందరూ ఇట్లా నిలబడిపోతే లాభం లేదని ఈశ్వరమ్మ లోపలికి పోయింది. కండ్లు తెరిచిన రోజు ఆ ఇంట్లో తీపి చేసి అందరి చేతిలో పెట్టడం ఆనవాయితీ. పొద్దున్నే లేచి బక్షాలు చేసింది. ప్రతిసారీ చేసేది అవే, ఆలోచించి చేసిందేమీ కాదు, ఆయన చక్కెర జబ్బు సంగతి కూడా ఆ తొందరలో మరిచిపోయింది. పళ్ళెం తెచ్చి ముందు పెద్దాయన ముందు పెట్టింది.

"తీసుకో పెద్దాయనా. నోరు తీపి చేసుకో."

సుబ్బయ్య చూపు విగ్రహం మీదే ఉంది. పరధ్యానంగా చెయ్యి చాపి బక్షం తీసుకున్నాడు. చుట్టచుట్టాడు. నోటిదాకా తీసుకుపోయాడు.

అక్కడ చెయ్యి ఆగింది.

ఎదురుగా నల్లరాతిలో ఒక కనుబొమ ఇంకోదానికంటే పైకి లేచి ఉంది. బిగించిన పెదవుల ఎడమ కొస జారిపోయి ఉంది. సుబ్బయ్య ఆ మొహాన్ని చూస్తూ బక్షాన్ని కిందికి దించాడు. మెల్లగా దాన్ని రెండుగా తుంచాడు. సగం చేతిలో ఉంచుకుని, ఇంకో సగం తీసుకుపోయి ఆ విగ్రహం ముందు పీట మీద పెట్టాడు.

కావ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దేవరాజు భార్య వైపు చూశాడు. పదకొండు సెకన్ల సంగతి సుబ్బయ్యకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"ఇంకొకటి పెట్టేదా పెద్దాయనా?" అంది ఈశ్వరమ్మ అలవాటు కొద్దీ.

సుబ్బయ్య గబుక్కున తల అడ్డంగా ఊపాడు. కండ్లలోంచి నీళ్ళు కారుతున్నా మొహం మాత్రం దొరికిపోయిన పసిపిల్లాడిలా ఉంది.

"వద్దు తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి. "చూస్తాండాది."